దద్దుర్ల సాక్ష్యం

విమానం లేవడానికి పన్నెండు నిమిషాలుంది. లాబ్ కారిడార్‌లో సెక్యూరిటీవాళ్లు టెక్నీషియన్‌కు బేడీలు వేయబోతున్నారు. ఆమె చేతులు మణికట్టు దాకా ఎర్రగా వాచి, పగుళ్లిచ్చి ఉన్నాయి.

"ఇంకేం సాక్ష్యం కావాలి డాక్టరుగారూ? లాకర్‌లోంచి కెమికల్ వయల్ తీసింది ఈవిడే. ఆ కెమికల్ తగిలితేనే ఇలా దద్దుర్లొస్తాయి" అన్నాడు డైరెక్టర్, ఏదో పురుగును చూసినట్టు ఆమెను చూస్తూ.

డాక్టరుగారు నిజానికి డాక్టర్ కాదు. చర్మవ్యాధుల నిపుణుడి వేషంలో వచ్చిన ఏజెంట్ నలభై ఒకటి. విదేశీ ముఠా కొన్న వయల్ ఆ విమానంలోనే ఉంది. అందులో టెక్నీషియన్ తమ్ముడున్నాడు. డైరెక్టర్ స్వయంగా పూలగుత్తి ఇచ్చి సాగనంపిన అందాల విదేశీ సలహాదారూ ఉంది. ఎవరిని దించాలో ఏజెంటే చెప్పాలి.

టెక్నీషియన్ ఏడవలేదు. "తొమ్మిదేళ్లుగా దీంతోనే పని. గ్లవ్స్ పల్చన, కెమికల్ లోపలికి దిగుతోందని మొత్తుకున్నాం. గోక్కుంటూ కూర్చోడానికి సాకులన్నారు సారు. ఆ గ్లవ్సే చాలని సర్క్యులర్ కూడా ఇచ్చారు."

ఏజెంట్ రిపోర్టు మీద సంతకం అడిగాడు. డైరెక్టర్ జేబులోంచి చెయ్యి తీయక తప్పలేదు. వేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు.

నిన్ననే మొదటిసారి తనిఖీకి వచ్చి వయల్ ముట్టుకున్నానని, వీళ్ల దరిద్రం తనకూ అంటుకుందని డైరెక్టర్ విసుక్కున్నాడు.

"ఇది అంటుకునేది కాదు" అన్నాడు ఏజెంట్. "మొదటిసారి తగిలితే మర్నాటికే దద్దుర్లు రావు. ఒంటికి అది పడదని తేలడానికి పది రోజులైనా పడుతుంది. అంటే మీరు అంతకుముందే ముట్టుకున్నారు. అదీ ఆ పల్చటి గ్లవ్స్‌తోనే. మీ సర్క్యులర్‌ను నమ్మిన మొదటి మనిషి మీరే."

ఏజెంట్ వైర్‌లెస్ తీశాడు.

"సలహాదారును దించండి. మేకప్ పెట్టె చూడండి. గ్లవ్స్ మందంగా ఉండాలి."

రన్‌వే మీద కదిలిన విమానం ఆగింది. అయిదు నిమిషాలకు వైర్‌లెస్ గరగరలాడింది. వయల్ క్రీమ్ డబ్బాలో దొరికిందట. లోపలి దొంగ ఎవరని రాయాలని అడుగుతున్నారు.

ఏజెంట్ బేడీలు అందుకుని, ఆ పొక్కుల చేతికి తగిలించాడు.

"డైరెక్టర్ అని రాయండి. గోక్కోవడానికి వీలుగా కాస్త వదులుగానే వేశానని కూడా రాయండి."