రెండుసార్లు వచ్చే గంట

ఆ ఓడలో అన్నిటికన్నా వెనక, కింది డెక్కు మీద, ఒక చెక్క బెంచీ ఉండేదట. పగలు కూడా దాని మీద ఎవరూ కూర్చునేవారు కాదు. పై డెక్కుల మీద కుర్చీల కోసం తువ్వాళ్ళు పరిచి మరీ పోటీలు పడే జనం, ఈ బెంచీ దగ్గరికొచ్చేసరికి అడుగు వేగం పెంచేవారు.

ఎందుకో చెబుతాను. తొందరపడకండి. ముందు చిన్న పాఠం ఒకటి ఉంది.

ఓడ పడమర దిక్కుగా పోతోందనుకోండి. సూర్యుడూ అటే పోతాడు కదా? అంటే మనం పొద్దు వెంట పరిగెడుతున్నామన్నమాట. రోజు కాస్త సాగుతుంది. అందుకని మధ్యమధ్యలో ఒక రాత్రి, అందరూ పడుకున్నాక, ఓడలో గడియారాలన్నీ ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటికే గడిచిపోయిన గంట మళ్ళీ మొదటినుంచి వస్తుంది. ఒకే గంట — రెండుసార్లు.

అలాంటి ఒక రాత్రే, ఎప్పుడో, ఒక ప్రయాణికురాలు ఆ బెంచీ మీద కూర్చుని ఉండి... తెల్లారేసరికి లేదట. పడిందో, దూకిందో తెలీదు. మొదటి గంటలో పోయిందా, రెండో గంటలో పోయిందా అన్నది కూడా ఎవరూ తేల్చలేకపోయారు.

అప్పటినుంచీ గడియారం తిప్పిన రాత్రుల్లో ఆవిడ అక్కడ కూర్చుంటుందని చెప్పుకుంటారు. టైమెంతని అడిగితే చెబుతుంది. కానీ మన టైము కాదు... తన టైము. సరిగ్గా గంట తేడాతో.

ఇదంతా నాకు మా చిట్టి చెప్పింది.

చిట్టి అంటే మా చిన్న ఆడపడుచు. అరవై దాటినా మా అందరికీ చిట్టే. దానికీ, మా పెద్ద ఆడపడుచుకీ పెళ్ళిళ్ళు లేవు. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి బడి పిల్లల యూనిఫాంలు కుట్టే షాపు నడిపారు. కోత అక్కది, కుట్టు చెల్లెలిది. పెద్దది కత్తెరని చిట్టి చేతికి ఇచ్చేదే కాదు. "నీకు కత్తెరిస్తే గుడ్డకన్నా ముందు నీ గుండె తెగుతుందే" అని ఎగతాళి చేసేది.

అంత పిరికిదే మరి. తలుపు గడియ వేసి, మంచమెక్కి, మళ్ళీ దిగి చూసేది. లిఫ్టు ఎక్కేది కాదు. బస్సులో డ్రైవరు ఆవులిస్తే తరవాతి స్టాపులో దిగిపోయేది.

ఓడ ప్రయాణానికి టిక్కెట్లు కొన్నది పెద్దదే. "ఒక్కసారైనా ఈ దారపు ఉండలొదిలి నీళ్ళు చూద్దామే" అంది. తరవాత నెల తిరక్కుండా, కోతబల్ల దగ్గర, నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది.

చిట్టి ఏడవలేదు. నేను పక్కనే ఉండి చూశాను — కంట్లో తడి లేదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చింది, కుర్చీలు వేసింది, వెళ్ళేవాళ్ళని గుమ్మం దాకా సాగనంపింది. షాపుకి తాళం వేసింది. మళ్ళీ తియ్యలేదు. షాపు గది యజమాని చూసి చూసి అడిగాడు — ఉంచుకుంటారా, ఖాళీ చేస్తారా అని.

"ఓడ దిగొచ్చి చెబుతాను" అంది.

"ఒక్కదానివే వెళ్తావుటే? నేనూ రానా?" అన్నాను.

"వద్దులే వదినా. భయమేస్తే వెనక్కొచ్చేస్తాను."

"సముద్రం మధ్యలోంచి ఎలా వస్తావే?"

దానికి నవ్వాలి కదా. నవ్వలేదు.

ఓడలోనూ పాత అలవాట్లన్నీ వదలకుండా చేసిందట. గడియ రెండుసార్లు చూసేది. మంచం కింద చూసేది. ఎక్కడ బిల్లు పడుతుందోనని ఫోను కట్టేసి పెట్టె అడుగున పెట్టింది. లైఫ్ జాకెట్టు తలగడ పక్కన పెట్టుకుని పడుకునేది.

"కానీ వదినా, చేతులే భయపడేవి. లోపల ఏమీ ఉండేది కాదు" అంది నాతో.

గదిలో రెండో మంచం ఖాళీ. ఎవరూ పడుకోకపోయినా గది సర్దే మనిషి దాని దుప్పటి కూడా రోజూ దులిపి మడతపెట్టేవాడు. పెద్దవాడు, నిదానస్తుడు. బెంచీ సంగతి చెప్పింది ఆయనే.

"ఇవాళ రాత్రి గడియారాలు తిప్పుతారమ్మా. మీ వాచీ కూడా గంట వెనక్కి పెట్టుకోండి. ఇంకో మాట... తెల్లారకుండా వెనక డెక్కు వైపు వెళ్ళకండి."

"ఏముందక్కడ?"

తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, చెప్పాడు. చిట్టి మొత్తం విని "సరే" అంది. అంతే. ఇంకేమైనా అడుగుతుందేమోనని ఆయన కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మామూలుగానే పడుకుంది.

మెలకువ వచ్చేసరికి చేతి వాచీలో ఆరు కావస్తోంది. కిటికీ మాత్రం నల్లగా ఉంది. మబ్బు పట్టిందేమో అనుకుంది. ముఖం కడుక్కుని, చలిగా ఉంటే తెల్ల శాలువా తల మీదుగా కప్పుకుని బయటికొచ్చింది.

నడవా పొడుగునా సగం దీపాలే వెలుగుతున్నాయి. అటూ ఇటూ మూసిన తలుపులు. దగ్గు లేదు, మాట లేదు. కింద ఎక్కడో ఓడ మర ఒక్కటే... ఊపిరి తీస్తున్నట్టు.

భోజనాల హాలు ఆరింటికల్లా తీస్తారు. వెళ్ళి చూస్తే తాళం. అద్దంలోంచి తొంగి చూసింది — కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి.

ఆరు దాటింది. ఇంత ఓడలో... ఒక్క మనిషి లేడు.

మెట్లు దిగింది. ఎక్కడో ఒక మలుపు తప్పింది. ఎదురుగా బరువైన ఇనప తలుపు. తోసింది.

గాలి. ఉప్పు వాసన. ఒక్క దీపం.

దాని కింద — ఆ బెంచీ.

ఖాళీగా ఉంది.

వెనక్కి తిరగాల్సిన మనిషి. తిరగలేదు. కాళ్ళు అక్కడిదాకానే తెచ్చినట్టుగా ఆగిపోయాయట. కూర్చుంది.

ఓడ పడమరగా పోతోంది కాబట్టి వెనక వైపు తూర్పు. పొద్దు పొడిస్తే అక్కడే పొడవాలి. చూస్తూ కూర్చుంది. వాచీ చూసుకుంది. ఆరుంపావు. ఆకాశం, నీళ్ళు ఒకటే నలుపు. ఎక్కడా చిన్న చార కూడా లేదు.

అప్పుడు... వెనక తలుపు కిర్రుమంది.

అడుగులు. ఆగాయి. మళ్ళీ రెండు అడుగులు... ఆగాయి.

కంటి చివర ఒక ఆడమనిషి. చీలమండల దాకా పొడుగాటి కోటు. విరబోసుకున్న తడి జుట్టు. దగ్గరికి రాదు, వెనక్కి పోదు.

"టైమెంతయిందండీ?" — గుసగుసగా.

చిట్టి వాచీ చూసి చెప్పింది. "ఆరుంపావు."

నీళ్ళ చప్పుడే.

"మీరు... ఒక్కరేనా?"

"మా అక్క కూడా రావాలి."

"ఎక్కడున్నారావిడ?"

"పోయింది."

గాలికి ఆ జుట్టు ఎగిరి ముఖం మీద పడింది. ఆ మనిషి చెయ్యెత్తి తీసుకోలేదు.

"ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"తెల్లారుతుందని." చిట్టి కాస్త ఆగింది. "తెల్లారడం లేదు."

ఆ మనిషి మెల్లగా మణికట్టు పైకెత్తింది. వాచీ అద్దం దీపానికి తళుక్కుమంది. "నాకు... నాకు అయిదుంపావే అయింది."

సరిగ్గా గంట తేడా.

ఆ మనిషి వీపు చూపించకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ... చీకట్లో కలిసిపోయింది. తలుపు చప్పుడు కూడా వినపడలేదు.

అయితే ఇదేనన్నమాట, అనుకుంది చిట్టి.

జన్మంతా దేనికోసమైతే మంచాల కింద వెతికిందో, అది ఎదురుగా నిలబడి మాట్లాడి వెళ్ళింది. గుండె మీద చెయ్యి వేసి చూసుకుంది. మామూలుగానే కొట్టుకుంటోంది. లేచింది. దారి వెతుక్కుని గదికొచ్చింది. గడియ వేసి, రెండోసారి చూడకుండా పడుకుంది.

"దెయ్యాన్ని చూసినా ఏమీ అనిపించలేదంటే ఇంక నాలో మిగిలిందేముంది వదినా? షాపు ఖాళీ చేస్తానని చెప్పేద్దామనుకున్నాను అప్పుడే" అంది.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కిటికీ నిండా ఎండ.

భోజనాల హాలు కిటకిటలాడుతోంది. చిట్టి అదే తెల్ల శాలువా కప్పుకుని, పళ్ళెంలో రొట్టె పెట్టుకుని చోటు వెతుక్కుంటోంది. ఒక బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. మధ్యలో — అదే పొడుగు కోటు.

జుట్టు దువ్వుకుని ఉంది. చేతిలో టీ కప్పు ఉంది. ఆవిడ నీడ బల్ల మీద శుభ్రంగా పడుతోంది.

"నిద్ర పట్టక తలకి పోసుకున్నానండీ, గాలికి ఆరుతుందని అటు వెళ్ళాను. ఆ బెంచీ మీదే ఉంది. తెల్ల ముసుగు."

"కలొచ్చి ఉంటుంది," అన్నాడు పక్కనున్న పొట్టాయన. "రాత్రి ఐస్‌క్రీము మూడుసార్లు తెచ్చుకున్నారుగా. నేను చూశాను."

"మీరు తెచ్చుకున్నవి కూడా నేను చూశాను. కల టైము చెబుతుందా? ఆరుంపావంది. అప్పటికి అయిదుంపావు. గడియారం తిప్పకముందు టైము."

చిట్టి తన మణికట్టు చూసుకుంది. తరవాత హాలు గోడ మీది గడియారం చూసింది.

తిప్పలేదు. మరిచిపోయి కాదు — అది అక్క వాచీ. అందులో ఉన్నది అక్క పెట్టిన టైము. ముల్లు తిప్పడానికి చెయ్యి రాక, అలాగే పెట్టుకుని పడుకుంది.

"భయమేసిందా?" ఎవరో అడిగారు.

"మొదట వేసింది. గదికొచ్చాక జాలేసింది. ముఖంలో ఏమీ లేదండీ. అక్క పోయిందన్న మాట కూడా, సబ్బు ధర అడిగితే చెప్పినట్టు చెప్పింది. తెల్లారడం లేదంటూ అటే చూస్తోంది..." కోటావిడ కప్పు కింద పెట్టింది. "తను పోయిన సంగతి తనకింకా తెలీదు, పాపం."

"ఇప్పుడు తెలిసిందండీ," అంది చిట్టి.

ఎవరి చెంచానో కింద పడింది. ఎవరూ వంగి తియ్యలేదు. పొట్టాయన కుర్చీ, దానంతటదే అన్నట్టు, కాస్త వెనక్కి జరిగింది.

కోటావిడ కదల్లేదు. అప్పుడు చెయ్యి చాపి, కాలుతుందేమో చూసినట్టు, వేలి కొసతో చిట్టి చేతిని తాకింది. మెల్లగా అరచెయ్యి మొత్తం వేసింది.

"చల్లగానే ఉంది," అంది.

"అక్క పోయినప్పటినుంచీ ఇంతే."

"కూర్చోండి." పక్క కుర్చీ లాగి, తన కప్పు ఇటు జరిపింది. "నేను తాగలేదులెండి. ఏం చేస్తుంటారు మీరు?"

చిట్టి కప్పుని రెండు చేతులా పట్టుకుంది. కాలింది. కాలుతోందని తెలిసింది. వదల్లేదు.

"బడి పిల్లలకి బట్టలు కుడతాను. కోత మా అక్కది."

"మరి ఇకమీదట కోసేదెవరు?"

చిట్టి కప్పులోకే చూస్తూ ఉండిపోయింది.

"నేనే కొయ్యాలి," అంది. "పాడు చేస్తాను. మొదట్లో చాలా గుడ్డ పాడు చేస్తాను."