ఏడో ప్రెస్సు మీద తాళం

మా ఎలిజబెత్ ఊళ్లో కార్ల ఫ్యాక్టరీ మూసేశాక, దానికి తలుపుల బందులు చేసిచ్చే మా షెడ్డు గతి వేరే చెప్పాలా? చెట్టే కూలాక తీగకేది దిక్కు. మూడొందల మందిలో నేనూ లాంప్రోసూ మిగిలాం, అదీ మిషన్లు విప్పి, కొన్నవాళ్ల లారీ ఎక్కించడానికి. ఆ పని ఇంకో మూడు వారాలుంది. ఆ తర్వాత మాకూ ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం ఏడో ప్రెస్సు వంతు, పై దిమ్మ దించి ఇనప రేకుల్ని వంచే మిషను. దాని స్విచ్చుకి ఎర్ర తాళం ఒకటి వేలాడుతోంది, నీనో ఫొటోతో. ప్రెస్సులో చెయ్యి పెట్టేవాడు ముందు స్విచ్చుకి తన తాళం వేసుకోవాలి, బయటికొచ్చాక తనే తీసుకోవాలి. ఇంకొకడి తాళం మేనేజరు కూడా ముట్టడు. తాళం ఉందంటే మనిషి లోపలున్నట్టే. ముప్ఫై ఏళ్లు దాని మీదే పనిచేసిన నీనోని పంపేసి నాలుగు నెలలైంది. మర్చిపోయి వెళ్లుంటాడనుకున్నాను.

వచ్చి తీసుకోమందామని వాళ్లింటికి ఫోన్ చేశా. భార్య ఫిలొమీనా ఎత్తింది.

"ఆయన డ్యూటీలోనేగా ఉన్నాడు బాబూ? పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లాడుగా!"

ఉద్యోగం పోయిందని ఆవిడకి చెప్పనే లేదన్నమాట. రోజూ ఎక్కడికి పోతున్నాడో పాపం. "అటువైపు ఉన్నట్టున్నాడమ్మా, కనుక్కుంటా" అని పెట్టేశా.

"ముహూర్తం చూస్తున్నావా ఏంట్రా క్లైవ్?" అన్నాడు లాంప్రోస్. "ఆ లారీ ఖాళీగా పోతే రేపట్నుంచి మనమూ ఇంట్లోనే. కొయ్యి."

"ఒకడి తాళం ఇంకొకడు కొయ్యకూడదురా."

"అడగడానికి ఎవడున్నాడిక్కడ?"

ఇనుము కోసే పెద్ద కత్తెర తెచ్చి కోశాను. నిజం చెప్తున్నా, సిగ్గుగా అనిపించింది.

షెడ్డంతా నిశ్శబ్దం... పాత నూనె వాసన... పైన ఎండకి రేకుల చిటపట. ప్రెస్సు లోపల ఎవరో దగ్గారు.

"విన్నావా?" లాంప్రోస్ గుసగుసగా అన్నాడు.

వంగి చూడబోయాను. వాడు నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు. అంతే... పై దిమ్మ పడింది. నేల అదిరింది.

పోయిన సోమవారమే షెడ్డుకి కరెంటు తీసేశారు.

ఎత్తి చూద్దామన్నా దారి లేదు. సందులోంచి నల్లగా ఏదో కారింది. నూనే అనుకున్నాం. అలా అనుకోవడమే నయమనిపించింది.

ఫోన్ మోగింది, స్పీకరు నొక్కాను. ఫిలొమీనా.

"వచ్చేశాడు బాబూ, ఇప్పుడే. ఇంత తొందరగా ఎప్పుడూ రాడు. బూట్లు విప్పడు, కాఫీ ఇస్తే ముట్టడు, గోడవైపు తిరిగి నించున్నాడు." గొంతు తగ్గించింది. "నా తాళం తీసిందెవడని ఒకటే అడుగుతున్నాడు... పేరు చెప్తేగానీ కూర్చోడట. ఎవరు బాబూ?"

లాంప్రోస్ ఫోను లాక్కున్నాడు.

"క్లైవ్ అమ్మా," అన్నాడు. "కోసింది క్లైవే."

ఫోనులో కుర్చీ జరిపిన చప్పుడైంది.