నాడి ఎవరిది?

నరసింగరావు చనిపోయాక కూడా ఆయన నాడి కొట్టుకుంటూనే ఉంది.

భిలాయి, వైశాలి నగర్. సొంతింటి వరండాలో, ఒళ్లో పేపరుతో, ఆ పెద్దాయన కుర్చీలోనే ఒరిగిపోయాడు. కోడలు టిఫిన్‌కి పిలవడానికి వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. చేతికున్న హెల్త్ వాచీలో మాత్రం పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. నాడి సవ్యంగా ఉందని దాని అర్థం.

"ఆ నాడి అసలుది కాదు, ముందే రికార్డు చేసి పెట్టినది. అంబులెన్సు రాకూడదని," అన్నాడు పరంజ్యోతి.

రాయ్‌పూర్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ బోర్డు వెనకున్న గది అది. పరంజ్యోతి అక్కడి గూఢచారి విభాగానికి చీఫ్. ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ సూర్యప్రకాష్. భిలాయిలోనే ఒక ఉక్కు ప్లాంటు కార్మికుడికి పుట్టి, ప్లాంటు క్వార్టర్ల సెక్టర్లలో సైకిలు తొక్కుతూ పెరిగినవాడు.

"ఎలా చంపారు సర్?"

"ఇన్సులిన్ పంప్. ఛాయా కేర్ అనే కంపెనీ రిటైరైన వాళ్లకి ఉచితంగా కిట్లిస్తోంది. చేతికి వాచీ, పొట్టకు అంటించుకునే పంప్, డాక్టరుతో మాట్లాడటానికి ట్యాబ్. డాక్టరు ఎక్కడో కూర్చుని డోసు పంపుతారు. అది ముందు వాచీకొస్తుంది. వాచీ దగ్గర్లో ఉంటేనే పంప్‌కి అందుతుంది. పంప్‌కి వాచీయే పోస్ట్‌మన్. ఈయన పంప్‌ని ఒక్కసారిగా ఖాళీ చేసేశారు."

"ఎందుకు?"

"యుద్ధనౌకలకి వాడే ఒక రకం ఉక్కు ప్లేటు. దాన్ని కాల్చే పద్ధతి నరసింగరావుకి తెలుసు. చల్లార్చే పద్ధతి సెక్టర్ 6 గురునాథరావుకి తెలుసు. కాగితం మీద పెట్టలేదు. విదేశీ ముఠా ఒకటి రెండు సగాలూ కొంటోంది. మొదటి సగం అందింది కాబట్టి ఆయన్ని పంపేశారు. రెండో సగం అందిన రోజు గురునాథరావు వంతు."

"కిట్లు ఇప్పుడే తీసేస్తే?"

"ముఠా ఎగిరిపోతుంది. కంగారుపడకు. కంపెనీలో డాక్టరు వేషంలో మన మనిషి ఉంది. ఇంద్రజ."

సూర్యప్రకాష్ గుండెల మీంచి బరువు దిగింది. కాఠ్మాండూలో తూటా తగిలి పడిపోయినప్పుడు ఇంద్రజే అతన్ని మోసుకొచ్చింది. రోజూ దీపం పెట్టే అలవాటున్న అతని తల్లి, అప్పటినుంచీ ఆ అమ్మాయి పేరున కూడా ఒక ఒత్తి వేస్తోంది.

ఆ మధ్యాహ్నమే అతను కంపెనీ టెక్నీషియన్ వేషంలో సెక్టర్ 6 క్వార్టర్ తలుపు తట్టాడు.

"రా బాబూ. మిషను బాగానే ఉంది గానీ, టీ తాగెళ్లు," అంది గురునాథరావు భార్య కన్నమ్మ.

గురునాథరావు చొక్కా ఎత్తి పంప్ చూపించాడు. "ఇది దేవుడిచ్చింది బాబూ. ఇదివరకు షుగర్ పడిపోతే బాత్రూంలో పడిపోయేవోణ్ణి. ఇప్పుడు డాక్టరమ్మ అక్కణ్ణుంచే చూసుకుంటాది. రాత్రి నిద్ర పట్టలేదా బాబాయ్ అని పొద్దున్నే అడుగుతాది. మా ఇంట్లో ఎవరడిగేరు?"

"పక్కమీద ఉన్నదాన్ని, నానేటడగాల? మీ గురకే సెబుతాది," అంది కన్నమ్మ.

"రోజూ ఒక గంట ప్లాంటు కబుర్లు సెప్పమంటాది. అలాగైతే మతిమరుపు రాదంట."

సూర్యప్రకాష్ ఆ మాట విన్నాడు. ఇంద్రజ మంచితనమనుకుని నవ్వుకున్నాడు.

సాయంత్రం కాఫీ హౌస్‌లో ఒక అందమైన యువతి అతని బల్ల దగ్గర ఆగింది. నల్ల కళ్లద్దాలు, నీలం చీర.

"భయ్యా, ఫిల్టర్ కాఫీ ఉందా?"

"డికాక్షన్ నిన్నటిది," అన్నాడు. కోడ్ సరిపోయింది.

ఇంద్రజ కూర్చుంది. "రేపు పొద్దున్నే గురునాథరావుని లేపేస్తారు సూర్యా. ఆర్డరు వెళ్లే సర్వర్ నందిని రోడ్డులో, సున్నపురాయి గనుల దగ్గర ఒక పాత గోడౌన్‌లో ఉంది. నువ్వు దాన్ని పట్టుకో. పెద్దాయన్ని నేను చూసుకుంటాను." తన బ్యాగులోంచి వాచీ తీసి స్వయంగా అతని చేతికి పెట్టింది. "నువ్వెక్కడున్నావో నాకు కనిపిస్తూ ఉంటుంది. ఏదైనా అయితే వచ్చేస్తాను. కాఠ్మాండూలో లాగే."

మర్నాడు తెల్లవారేసరికి అతను ఆ గోడౌన్ తాళం పగలగొట్టాడు. లోపల సర్వర్ లేదు. కనీసం కరెంటు తీగ లేదు. తెల్లటి సున్నపురాయి దుమ్ము మీద తన అడుగులు తప్ప వేరే అడుగులు లేవు. తలుపు దగ్గర ఒక మేక నిలబడి అతన్ని చూస్తోంది.

ఇంద్రజకి పొరపాటు సమాచారం అందిందేమో అని ముందు అనుకున్నాడు. మనసు మనిషిని అంత తొందరగా వదులుకోదు. తర్వాత గురునాథరావు మాట గుర్తొచ్చింది. రోజూ ఒక గంట ప్లాంటు కబుర్లు.

పరంజ్యోతికి ఫోన్ చేశాడు. "సర్, ఇంద్రజ అమ్ముడుపోయింది."

పరంజ్యోతి తన ట్రాకింగ్ తెర చూసి చెప్పాడు. "గురునాథరావు వాచీ ఇప్పుడు సెక్టర్ 6 పార్కులో తిరుగుతోంది. అంటే నడుస్తున్నాడు. ఇంకా టైముంది. సెక్టర్ 6కి జీపు పంపుతున్నాను, నువ్వూ రా."

అయినా సూర్యప్రకాష్ భిలాయి వైపు పరుగు తీస్తున్న కారులోంచే కన్నమ్మకి ఫోన్ చేశాడు.

"అమ్మా, బాబాయిగారు పార్కు నుంచి రాగానే..."

"పార్కేటి బాబూ! ట్యాబ్ ముందర కూకున్నారు. డాక్టరమ్మ ఇయ్యాల పెందరాళే పిలిసింది."

"మరి వాచీ?"

ఆవిడ గొంతు తగ్గించింది. "కంపినీవోడివి, ఎవులికీ సెప్పకు. ఈయనకి మోకాళ్ల నొప్పులు. నడవకపోతే డాక్టరమ్మ కోప్పడతాది. అందుకని పోలయ్యన్నయ్య నలుగురి వాచీలూ కట్టుకుని పార్కులో నడుస్తాడు."

సూర్యప్రకాష్‌కి తన తండ్రి గుర్తొచ్చాడు. ఆ రోజుల్లో షిఫ్టుకి ఆలస్యమైన వాడి హాజరు కార్డు ముందొచ్చిన వాడు పంచ్ చేసేవాడు. రిటైరైనా ముసలాళ్ల అలవాటు పోలేదు. ఇంద్రజ తెర మీద నాడి కొట్టుకుంటోంది. అది ఎవరి నాడో తెర చెప్పదు. ఎదురుగా కనబడుతున్న మనిషి ఎక్కడున్నాడో మ్యాపులో వెతికేవాళ్లెవరు?

కానీ నడక అయ్యాక పోలయ్య వాచీ ఇవ్వడానికి ఇంటికొస్తాడు. పోస్ట్‌మన్ పంప్ దగ్గరికి చేరినట్టే.

"అమ్మా, ఆయన పొట్ట మీది పంప్ ఇప్పుడే పీకెయ్యండి!"

"డాక్టరమ్మ సెప్పకుండా తియ్యొద్దంది."

"నేను కంపెనీ మనిషిని కాను. పోలీసు తరఫు మనిషిని. నిన్న అబద్ధం చెప్పి మీ ఇంటికొచ్చాను."

"అబద్ధమాడి నా సేతి టీ తాగినోడివి. నీ మాటిని మందు మిషను పీకెయ్యమంటావేటి?"

"నన్ను నమ్మొద్దమ్మా. లోపల ఆవిడ ఏమడుగుతోందో ఒక్కసారి వినండి."

కన్నమ్మ ఫోను చెవికి పెట్టుకునే గది గుమ్మంలోకి వెళ్లింది. ట్యాబ్‌లోంచి తియ్యటి గొంతు వినిపిస్తోంది.

"ఆఖరిసారి ముంచే నీళ్ల వేడి ఎంత బాబాయ్? గుర్తు తెచ్చుకోండి."

"అది సెప్పకూడదమ్మా. విశ్వకర్మ పూజనాడు దీపం ముందర ఒట్టేసుకున్నాం."

"కూతురి దగ్గర ఒట్టేమిటి బాబాయ్? నేను మీ కూతుర్ని కానా?"

గురునాథరావు కళ్లు తుడుచుకున్నాడు. "కూతురివేనమ్మా. ఆ నీళ్లు..."

"ఏటండీ!"

కన్నమ్మ అరుపుకి ఆయన ఉలిక్కిపడ్డాడు. "పెళ్లయిన కొత్తలో, ప్లాంటులో ఏటి సేస్తారని నానడిగితే ఒట్టేసుకున్నానన్నారు. ఇన్నేళ్లూ మళ్లీ అడగలేదు. నాకు సెప్పని మాట టీవీలో బొమ్మకి సెబుతారా? అయినా డాక్టరుకి కొలిమి నీళ్ల వేడెందుకు?"

ఆవిడ తోసేసిన ట్యాబ్ దబ్బున బోర్లా పడింది. దాని అడుగునుంచి గొంతు మళ్లీ వినిపించింది. ఇప్పుడందులో తీపి లేదు.

"సారీ బాబాయ్."

అదే క్షణంలో గేటు కిర్రుమంది. "సెల్లెమ్మా, టీ ఎట్టు! మీ ఆయన ఇయ్యాల దండిగా నడిసేడు!" పోలయ్య చేతినిండా వాచీలతో వరండా ఎక్కాడు. వాటిలో ఒకటి బుర్రుమంది.

"ఆయన్ని ఆపండి! పంప్ పీకండి!" ఫోన్లో సూర్యప్రకాష్ అరిచాడు.

పోలయ్య గుమ్మంలో కాలు పెట్టాడు. కన్నమ్మ మొగుడి చొక్కా ఎత్తి, "నారాయణా!" అని పంప్ లాగేసింది. అది నేలమీద పడి టకటకా కొట్టుకుంటూ, ఉన్న మందంతా గచ్చు మీద కక్కేసింది.

ఇంద్రజ తెర మీద 'డోసు పూర్తయింది' అని వచ్చింది. ఒక సగం చేతిలో ఉంది, రెండోది దొరక్కపోయినా సాక్షి మిగల్లేదు. సూర్యప్రకాష్ వాచీ ఇంకా నందినిలోనే కనిపిస్తోంది. ఆమె తొందరపడకుండా, పరంజ్యోతి ఇప్పించిన వైశాలి నగర్ ఫ్లాట్‌లో పెట్టె సర్దుకుంది. తలుపు తెరిచేసరికి ఎదురుగా సూర్యప్రకాష్, వెనక పరంజ్యోతి మనుషులు.

ఆమె మొహంలో రంగు పోయింది. "నువ్వు... ఇందాకటి దాకా గోడౌన్ చుట్టూ తిరుగుతూనే ఉన్నావు. వెతుకుతున్నావనుకున్నాను."

"నీ వాచీ కట్టుకుని తిరిగింది మేక. పాపం, దానికీ అక్కడేమీ దొరకలేదు."

మొదటి సగం దాచిన పెన్‌డ్రైవ్ ఆమె గాజులోనే దొరికింది. చేతులకి బేడీలు వేస్తుంటే సూర్యప్రకాష్ అడిగాడు. "కాఠ్మాండూలో నన్నెందుకు బతికించావు?"

"అప్పటికింకా అమ్ముడుపోలేదు," అంది ఇంద్రజ, బేడీలు వేసిన చేతులతోనే కళ్లద్దాలు పెట్టుకుంటూ.

సాయంత్రం అతను క్వార్టర్‌కి వెళ్లేసరికి గురునాథరావు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నం ముట్టలేదు.

"బాబూ, ఒక్కటి సెప్పు. నిద్ర పట్టలేదా అని అడిగింది కదా. ఒక్కరోజైనా నిజంగా అడిగిందా?"

సూర్యప్రకాష్ మంచం పక్కన కూర్చున్నాడు. తన తల్లి వేస్తున్న ఆ ఒత్తి సంగతే ఆలోచిస్తున్నాడు. ఆవిడకి ఏమని చెప్పాలి? చెబితే మానేస్తుందా? మానెయ్యాలా?

"పెద్దాసుపత్రి డాక్టరు రేపు వేరే పంప్ పెడతారు. భయం లేదు," అన్నాడు చివరికి.

"మిషన్దేటి తప్పు? దీపం దొంగోడికీ ఎలుగే ఇత్తాది," అంది కన్నమ్మ. మొగుడి పక్కన కంచం పెట్టి, నెమ్మదిగా అడిగింది. "రాత్రి నిద్ర పట్టిందేటి?"

ఆయన ఇటు తిరిగాడు.

సూర్యప్రకాష్ వరండాలోకొచ్చి, సాక్ష్యం కోసం గురునాథరావు వాచీ ఇమ్మని అక్కడే కూర్చున్న పోలయ్యని అడిగాడు. సరిగ్గా అప్పుడే అది కుయ్‌మని తియ్యటి గొంతుతో పలికింది.

"అభినందనలు గురునాథరావు గారూ! ఈ రోజు మీరు అందరికన్నా ఎక్కువ నడిచారు."

పోలయ్య చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.