తోక నంబరుకు తొలి మాట

ఆ ఇంట్లో బాత్రూముకు కూడా సీనియారిటీ ఉంది. ముందు అమ్మ, తర్వాత కూతురు, చిట్టచివర నాన్న. ఆయన విమానం నడపడు, కళ్ళజోళ్ళు అమ్ముతాడు కనుక తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడడం ఆయన ఉద్యోగ ధర్మం. నిలబడి నిలబడి ఆ చోట గచ్చు రెండంగుళాలు అరిగిపోయిందని దుకాణానికి వచ్చినవాళ్ళకి చెబుతుంటాడు. అరిగిన మాట నిజమేగాని, రెండంగుళాలు కాదు.

"ఏమండోయ్ కెప్టెన్ గారూ, లోపల ల్యాండింగ్ అయిందా, ఇంకా గాల్లోనే చక్కర్లు కొడుతున్నారా?" అని ఆ ఉదయం కూడా తలుపు తట్టాడు.

"గ్రౌండ్ స్టాఫ్ ఓపిక పట్టాలి," అని లోపలి నుంచి జవాబొచ్చింది.

అమ్మ ఆ విమాన సంస్థలో పెద్ద కెప్టెన్. పైలట్ల యూనియన్‌కు అధ్యక్షురాలు. పైలట్ల సీనియారిటీ జాబితాలో మొదటి నంబరు ఆవిడదే. ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. ఈమధ్యే అదే సంస్థలో కో-పైలట్‌గా చేరింది. ఆ ఉద్యోగంలో చేరిన తేదీయే జాతకం. ఏ విమానం నడపాలి, ఆదివారం సెలవు ఎవరికి, కుడి సీటు నుంచి కెప్టెన్ కూర్చునే ఎడమ సీటుకు ఎప్పుడు మారాలి, అన్నీ ఆ తేదీయే చెబుతుంది. విసుగొచ్చి వేరే సంస్థకు వెళ్ళారా, అక్కడ మళ్ళీ అట్టడుగు నుంచే. పిచ్చుకతో పాటు అదే రోజున ఇంకొందరు చేరారు. ఒకే రోజున చేరితే వయసు చూస్తారు. అందరిలోకీ చిన్నది కావడంతో జాబితాలో ఆఖరి పేరు ఆమెదే అయింది. ఆఖరివాళ్ళను అక్కడ ముద్దుగా తోక నంబరు అంటారు.

పిచ్చుక రొట్టెముక్కకు వెన్న రాస్తూ ఫోన్ చూసింది. రాస్తున్న చెయ్యి రాస్తున్నట్టే ఆగిపోయింది.

"అమ్మా! నిన్న సాయంత్రం కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టావా?"

అమ్మ అప్పుడే జడ ముడేసుకుంటూ వచ్చి కూర్చుంది. "పెట్టాను. ఇవాళ మీటింగులో సభ్యులు ఒప్పుకుంటేనే ఖాయమవుతుంది. ఇన్నేళ్ళలో ఇంత పెంపు ఎప్పుడూ రాలేదు, తెలుసా?"

"ఎవరికి రాలేదు? కెప్టెన్లకి! ఈ ఏడాది చేరినవాళ్ళకీ, ఇకముందు చేరబోయేవాళ్ళకీ వేరే జీతం స్కేలట. తక్కువ స్కేలు. ఎప్పటికీ అదేనట. ఇది చదివే పెట్టావా సంతకం?"

"చదవకుండా పెట్టేదానిలా కనిపిస్తున్నానా నీకు?" అమ్మ కప్పులో కాఫీ పోసుకుంది. "ముందు వచ్చింది పుచ్చుకోవాలి. మీ స్కేలు సంగతి వచ్చేసారి కొట్లాడదాం. నేను చేరిన రోజుల్లో ఈ మాత్రం స్కేలు కూడా లేదు. నా కొలతకు యూనిఫాం కూడా లేక, ఆరడుగుల మనిషి చొక్కా తొడిగి పంపారు."

"ఆ చేతులు మడిచీ మడిచీ భుజాల మీద రెండు దిండ్లు పెట్టుకున్నట్టుండేది," అని నాన్న తల తుడుచుకుంటూ అందుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన తువ్వాలు కుర్చీ మీద ఆరేశాడు.

"వచ్చేసారి నువ్వుండవు కదమ్మా," అంది పిచ్చుక. "ఈ ఏడాది జీతం పెరిగితే నీ పెన్షనూ పెరుగుతుంది. అందుకే కదా ఇంత తొందర?"

అమ్మ కప్పు కింద పెట్టింది. చప్పుడు కాలేదు. చప్పుడైతేనే బాగుండేదనిపించింది నాన్నకు.

"పిచ్చుకా, ఆ మాట వెనక్కి తీసుకో," అన్నాడు.

"టేకాఫ్ అయిపోయింది నాన్నా."

"ఏదైనా ఉంటే మీటింగులో చెప్పుకో," అంది అమ్మ. ఆ గొంతు విమానంలో వాతావరణం బాగాలేదని చెప్పేటప్పటి గొంతు. కోపం లేదు, ఏమీ లేదు.

"ఎప్పుడు చెప్పుకోను? అక్కడ కూడా నంబరు ప్రకారమే కదా మాట్లాడేది! ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి అవునంటే ఆయన వెనకవాళ్ళందరూ అవునంటారు. నా వంతు వచ్చేసరికి కుర్చీలు మడతపెట్టే అతనూ నేనూ మిగులుతాం. ఈ సంఘంలో ఆఖరివాడి మాట ఒక్కసారైనా విన్నారా అమ్మా మీరు?"

పిచ్చుక బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. బస్సెక్కి వెళ్ళింది. కారు తాళం మేకుకు వేలాడుతూనే ఉంది.

అమ్మ తన చొక్కా ఇస్త్రీ మొదలుపెట్టింది. ఒకే చేతిని రెండోసారి, మూడోసారి రుద్దుతుంటే నాన్న ఇస్త్రీపెట్టె తీగ లాగేశాడు.

"గుడ్డ కాలుతుంది. ఏమాలోచిస్తున్నావ్?"

"అది పెన్షన్ అన్నందుకు కాదండీ బాధ. రెండోది అడిగింది చూడండి, ఆఖరివాడి మాట విన్నారా అని, దానికి జవాబు దొరకలేదు."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే ఏం చెయ్యాలో అదే ఆలోచిస్తున్నాను," అని ఆవిడ తీగ మళ్ళీ తగిలించింది.

మీటింగు విమానాశ్రయం పక్కనున్న హోటల్లో. హాలు కిక్కిరిసింది. రాత్రి డ్యూటీ చేసి యూనిఫాం మార్చకుండా వచ్చినవాళ్ళు గోడలకు చేరగిలబడ్డారు. బయటివాళ్ళకు ప్రవేశం లేదు గనుక నాన్న వరండాలోనే తలుపు సందుకు చెవి ఆనించి నిలబడ్డాడు. నిలబడడం ఆయనకు కొత్త కాదు.

అధ్యక్షురాలు మైకు అందుకుంది. "ఈ ఒప్పందం మీద సంతకం నాదే. దీన్ని ఒప్పుకోమని మీకు సిఫార్సు చేస్తున్నాను. ఇక మీరు మాట్లాడాలి. ఇవాళ తోక నుంచి మొదలుపెడదాం."

హాలంతా గొల్లుమంది. ముందు వరుసలో మీసాల కెప్టెన్ లేచాడు. ఆయన మీసాలకు నడవలో దారి వదిలి పక్కకు జరుగుతారని ప్రతీతి.

"ఇదేం పద్ధతమ్మా? ఇన్నేళ్ళ సీనియారిటీని తలకిందులు చేస్తే ఎలా?"

"సీనియారిటీ విమానానికీ సెలవుకీనూ, అన్నా. నోటికి కాదు. కూర్చోండి."

వెనక వరుసలోంచి పిచ్చుక లేచింది. పొద్దున అన్న మాటకు అందరి ముందూ తల దించుకునేలా చేయడానికే ఇదంతా అనుకుంది. మైకు దగ్గరికి నడుస్తుంటే హాలు పొడుగు రన్‌వే పొడుగంత అనిపించింది. అమ్మ వైపు చూడలేదు.

"గౌరవనీయులైన అధ్యక్షురాలికి నమస్కారం. నేను ఆఖరి నంబరు. కాక్‌పిట్‌లో రెండు సీట్లుంటాయి. ఎడమ సీటులో పెద్దవారికి కళ్ళు తిరిగితే, వెనక ఉన్న ప్రయాణికులందరినీ నేనే కిందికి దించాలి. అప్పుడు నాది తక్కువ స్కేలని విమానాన్ని సగం దించి ఆపెయ్యనా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"పెద్దలకు పెంపు రావద్దని నేననను. మీరు కొట్లాడారు గనుకే ఇవాళ మేం అలసిపోకుండా ఎగిరే గంటలకు ఒక హద్దుంది. కానీ పెద్దలు ఏటా రిటైరవుతారు, మాలాంటివాళ్ళు ఏటా చేరతారు. కొన్నేళ్ళకు ఈ హాల్లో తక్కువ స్కేలు వాళ్ళే ఎక్కువమంది ఉంటారు. అప్పుడు మీ పెన్షన్‌కి కోత పెడతామని కంపెనీ వస్తే, మీ తరఫున చెయ్యెత్తమని మమ్మల్ని ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు? మేమెత్తుతాం. ఎత్తాలనే ఉంది. మాకు ఆ వీలు మిగల్చండి."

కూర్చోవడానికి వెనక్కి నడిచింది. చప్పట్లు లేవు.

వరస కిందినుంచి పైకి పాకింది. ఒక్కొక్కరూ లేచి వద్దంటున్నారు. మీసాల కెప్టెన్ వంతు వచ్చేసరికి అందరూ ముందు వరుసకేసి మెడలు చాచారు. ఆయన లేచి మీసం సర్దుకున్నాడు.

"పోయిన వారం గాలివానలో ఈ పిల్ల పక్కన నేనున్నాను. విమానం గాలిపటంలా ఊగింది. దించింది ఈ పిల్లే. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఆ చేతులు ఈ ఒప్పందానికి లేవవు."

అప్పుడు పడ్డాయి చప్పట్లు. వరండాలో ట్యూబులైటు ఆరి మళ్ళీ వెలిగిందని నాన్న ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. అక్కడొకటి, ఇక్కడొకటి లేచాయి. తోటివాళ్ళ ముఖాలు చూసి అవీ దిగిపోయాయి. ఒక్క చెయ్యి మాత్రం దిగలేదు. వేదిక మీద, మైకు పక్కన, ఇస్త్రీ మడత నలగని చొక్కా చెయ్యి. ఆ చేతి కింద ఆవిడ కళ్ళు నిండి మెరుస్తున్నాయి, పెదవి నవ్వు ఆపుకోలేక వణుకుతోంది.

"ఒప్పందం వీగిపోయింది," అని ప్రకటించింది.

వరండాలో పిచ్చుక అమ్మకు ఎదురుపడింది. ఏమనాలో తెలియక, "అందరూ దించేశాక కూడా నువ్వెందుకు దించలేదమ్మా?" అంది.

"సిఫార్సు చేస్తానని కంపెనీవాళ్ళకి మాటిచ్చాను. ఇవాళ నా మాట నేనే తప్పితే, రేపు మీ తరఫున మాటిస్తే ఎవరు నమ్ముతారు?"

"మరి నన్నెందుకు ముందు పిలిచావ్?"

"నువ్వు పొద్దున అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. మిగతావాళ్ళ దగ్గరైనా ఉందేమో చూద్దామనుకున్నా." అమ్మ చెంగుతో కాదు, చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకుంది. "ఎవరి దగ్గరా లేదు."

పిచ్చుక అమ్మ భుజం మీద తల వాల్చి భోరుమంది. "ఆ పెన్షన్ మాట... నా నోరు పడిపోనూ..."

"పడిపోతే ఎలాగే? రేపటి నుంచి ఆ నోటితో చాలా పనుంది నాకు."

"ఇంతకీ పెన్షన్ పెరగకపోతే కెప్టెన్ గారిని పోషించేది ఎవరు?" అన్నాడు నాన్న, తనూ ముక్కు చీదుకుంటూ.

"ఇంకెవరు, గ్రౌండ్ స్టాఫ్!" అన్నారిద్దరూ ఒక్కసారే.

తర్వాతి వారం కంపెనీవాళ్ళతో మళ్ళీ చర్చలు మొదలయ్యాయి. పొడవాటి బల్లకు అటు వాళ్ళ పెద్దలు, ఇటు అమ్మ, ఆమె పక్కన పిచ్చుక. కెప్టెన్ల పెంపు కొంత తగ్గినా సరే, అందరికీ ఒకే స్కేలు ఉండాలన్న మాట మీద ఇద్దరూ కదల్లేదు. రోజుల తరబడి సాగి, చివరికి అదే ఖాయమైంది. కానీ మొదటి రోజు జరిగింది ఒకటి చెప్పాలి.

కంపెనీ పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని పిచ్చుకను ఎగాదిగా చూశాడు. "ఈ అమ్మాయెవరండీ?"

మా అమ్మాయి అంటుందనుకుని పిచ్చుక సిగ్గుగా తల దించుకుంది.

అమ్మ వెన్ను నిటారు చేసి కూర్చుంది. "నన్ను ఓడించినావిడ," అంది.