మూడో అభ్యంతరం

సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, సెలవులో ఉన్న లిఫ్టుల ఇన్‌స్పెక్టరు ఒకతను నది మీద వెళ్తున్న పడవను తనిఖీ చేశాడు. చెయ్యమని అతన్ని ఎవరూ అడగలేదు.

అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. వేసవి సెలవులకి అమ్మమ్మను ఆ పాత నగరానికి తీసుకొచ్చాడు. అమ్మమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్ళు ఆపరేటరుగా చేసింది. ఆ నగరానికి రోజూ కాల్స్ కలిపింది. నగరాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు. "గొంతులన్నీ తెలుసురా, వీధులే తెలియవు" అనేది. అందుకని వచ్చారు. ఆదివారం సాయంత్రం 5.40 బండికి తిరుగు టికెట్లు ఉన్నాయి.

పడవ రాతి మెట్ల దగ్గర బయలుదేరి, కోట గోడ పక్కగా వెళ్ళి, పాత వంతెన కింద నుంచి సుంకాల భవనం దాకా పోయి వెనక్కి వస్తుంది. యాభై నిమిషాలు. ముందు వైపు క్యాబిన్లో డ్రైవరు. క్యాబిన్ తలుపుకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి గైడు. ఆమె డ్రైవరుకి మేనకోడలు.

పడవ దిగేటప్పుడు గైడు అందరికీ ఒక కార్డు ఇచ్చింది.

"మీ అభిప్రాయం రాయండి సార్. బాగుందని రాస్తే చాలు. ఎక్కువ రాస్తే మా మేనేజరు గారు చదవరు."

"చదువుతారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అతను మూడు పాయింట్లు రాశాడు. ఒకటి: సీట్లు నలభై, లైఫ్ జాకెట్లు ముప్పై ఆరు. రెండు: పడవను గట్టుకు కట్టే తాడు అరిగిపోయింది. మూడు: గైడు నడుస్తున్న పడవలో నిలబడి మాట్లాడుతుంది. కుడి చేతిలో మైకు, ఎడమ చెయ్యి వీపు వెనక. కడ్డీ పట్టుకోదు.

కింద తేదీ, టైము వేశాడు. సంతకం చేశాడు. చొక్కా జేబులోంచి రబ్బరు ముద్ర తీసి కొట్టి, కార్డును అభిప్రాయాల పెట్టెలో వేశాడు. ఆరేళ్ళుగా ఏ కాగితం మీద సంతకం చేసినా చెయ్యి తర్వాత ఆ జేబులోకే వెళ్తుంది. ఆ సమయంలో గైడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కిస్తోంది. ఆమె చూడలేదు.

మంగళవారం అమ్మమ్మ మళ్ళీ పడవ ఎక్కుతానంది. వెళ్ళేసరికి పడవ గట్టుకు కట్టేసి ఉంది. క్యాబిన్ తలుపు మీద బోర్డు: 'తనిఖీ నిమిత్తం నిలిపివేయడమైనది.' గైడు మెట్ల మీద గొడుగు వేసుకుని కూర్చుంది.

"పడవ లేదా అమ్మాయ్?" అంది అమ్మమ్మ.

"లేదండీ. నిన్న ఎవరో ఇన్‌స్పెక్టరు వచ్చాడట. మామూలు మనిషిలా టికెట్ కొనుక్కుని, మామూలు మనిషిలా కిటికీ పక్కన కూర్చుని, మూడు అభ్యంతరాలు రాసి ముద్ర కొట్టి పోయాడు మహానుభావుడు. రెండు పడవ మీద. మూడోది నా మీద."

అమ్మమ్మ మనవడి వైపు చూసింది. మనవడు నది వైపు చూశాడు.

"మనిషి ఎలా ఉంటాడు?"

"నేను చూస్తే కదండీ! చూసుంటే అక్కడికక్కడే నీళ్ళలోకి తోసేదాన్ని."

"వాడికి ఈత రాదమ్మా" అంది అమ్మమ్మ.

గైడు గొడుగు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"మీరా?"

"నేనే" అన్నాడతను.

"మీరు పడవల ఇన్‌స్పెక్టరా?"

"లిఫ్టులు."

"లిఫ్టులా!"

"లిఫ్టులు, ఎస్కలేటర్లు."

"నదిలో లిఫ్టు ఎక్కడ కనబడిందండీ మీకు?"

ఆమె అక్కడితో వదల్లేదు. తన సంగతంతా చెప్పింది. మూడు వేసవులుగా ఆమె తాత్కాలిక గైడు. ఈ సీజన్ ఒక్క ఫిర్యాదూ లేకుండా పూర్తయితే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామని మేనేజరు మాట ఇచ్చాడు. సీజన్ ఆఖరి రోజు ఆదివారం. ఇంకో ఐదు రోజులు.

"మేనేజరుతో నేను మాట్లాడతాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మాట్లాడాడు. ఆ ముద్ర లిఫ్టుల శాఖదని మేనేజరుకి అప్పటిదాకా తెలియదు. ముద్ర పైభాగం చూసి పడవ ఆపేశాడు, కింది వరుస చదవలేదు.

"అయినా ముద్ర ముద్రే కదండీ. ఫైల్లోకి ఎక్కింది" అన్నాడు మేనేజరు. "జాకెట్లు, తాడు నేను తెప్పిస్తాను. మూడోది తప్పుగా రాశానని మీరొక్క ముక్క రాసివ్వండి, చింపేస్తాను."

"తప్పుగా రాయలేదండీ. ఆవిడ కడ్డీ పట్టుకోలేదు. చూశాను."

తలుపు బయట నిలబడ్డ గైడు ఇది విన్నది. అతను బయటికి రాగానే అడ్డం నిలబడింది.

"ఒక్క ముక్క రాస్తే మీ ముద్ర ఏమైనా అరిగిపోతుందా?"

"చూసింది చూడలేదని ఎలా రాస్తానండీ?"

"ఆ చెయ్యి నేను ఊరికే వెనక పెట్టలేదు."

"మరెందుకు పెట్టారు?"

"చెప్తే నమ్మి రాస్తారా?"

"చూస్తే రాస్తాను."

"చూడాలంటే పడవ కదలాలి. కదలకుండా ఆపింది తమరే" అని ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హోటల్ గదిలో అమ్మమ్మ ఫ్యాన్ కింద కూర్చుని మనవణ్ణి పిలిచింది.

"ఒరేయ్, నలభై సీట్ల పడవలో జాకెట్లు లెక్కపెట్టావు, సరే. తాడు చూశావు, సరే. ఆ పిల్ల ఏ చేత్తో ఏం చేస్తోందో యాభై నిమిషాలూ చూడమని ఏ రూల్లో ఉందిరా?"

అతను పేపరు చదువుతున్నాడు. పేపరు నిన్నటిది.

బుధవారం గైడును కోట నడకకు వేశారు. సాయంత్రం నాలుగింటి ఎండలో కోట చుట్టూ నడిచే టూరు అది. ఆ ఎండకి ఎవరూ రారు. ఆ రోజు ఇద్దరు వచ్చారు, అమ్మమ్మ, మనవడు. గురువారం ఒక్కడే వచ్చాడు. అమ్మమ్మ మోకాళ్ళ పేరు చెప్పి టీ కొట్లో ఉండిపోయింది.

"నిన్న చూసిన కోటేనండీ. రాత్రికి రాత్రి పెరగలేదు" అంది గైడు.

"తనిఖీ ఒక్కసారితో పూర్తవదు."

"ఏమిటీ, కోటకి కూడా జాకెట్లు తక్కువయ్యాయా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. తల పక్కకు తిప్పి నవ్విందని టీ కొట్టులోంచి చూసిన అమ్మమ్మ తర్వాత చెప్పింది.

4.35కి వాన మొదలైంది. ఆ వేసవిలో అదే మొదటి వాన. ఇద్దరూ పాత వంతెన కమాను కిందికి పరుగెత్తారు. గొడుగు ఆమె దగ్గరే ఉంది. తెరవడం ఇద్దరూ మర్చిపోయారు.

కమాను గోడ మీద వరదలు వచ్చిన సంవత్సరాలు చెక్కి ఉన్నాయి, ఏ ఏడు నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో అక్కడ ఒక గీత. అన్నిటికన్నా పై గీత అతని తలకి రెండడుగులు పైన ఉంది.

"ఆ ఏడాది మా తాత ఇక్కడి జనాన్ని పడవలో సుంకాల భవనం మేడ మీదికి చేర్చాడు" అంది ఆమె. "జాకెట్లు లేవు. ఎవరూ లెక్కపెట్టలేదు. ఎక్కినవాళ్ళలో ఇద్దరు దక్కలేదు. అందుకే మీరు రాసిన మొదటి రెండు పాయింట్లకి మా మావయ్య మీకు దణ్ణం పెట్టాలంటున్నాడు. తాడు మార్చమని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. ఆఫీసులో ఎవరూ వినలేదు."

"మీరు?"

"నేను మూడో పాయింటు దాకా వచ్చి ఆగిపోయాను."

వాన ఇరవై నిమిషాలు కురిసింది. ఆ ఇరవై నిమిషాల్లో అతను గోడ మీద గీతలు పదకొండని లెక్కపెట్టాడు. పన్నెండని ఆమె అంది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. వాన ఆగాక ఇంకోసారి లెక్కపెట్టారు. పన్నెండే.

"రాసుకోండి. మీరు కళ్ళారా చూసింది కూడా తప్పవచ్చు" అంది ఆమె.

శుక్రవారం జాకెట్లు రాలేదు. ఇన్‌స్పెక్టరు, పడవ డ్రైవరు కలిసి ఉదయం నుంచి బజారులో ఐదు కొట్లు తిరిగారు. ఐదో కొట్లో నాలుగు జాకెట్లు, తాడు దొరికాయి. అక్కడే అతను తోలుపట్టీ ఒకటి, రెండు బిగింపులు తీసుకున్నాడు.

"ఇవెందుకు బాబూ?" అన్నాడు డ్రైవరు.

"ఇంకా తెలియదండీ."

శనివారం ఉదయం తొమ్మిదికి కొత్త తాడు విప్పి, పడవను ఒకసారి తిప్పి చూశారు. జనం లేరు. అమ్మమ్మ ముందు సీట్లో కూర్చుంది. గైడు తన చోట నిలబడింది. డ్రైవరు ఇన్‌స్పెక్టర్ని క్యాబిన్లోకి పిలిచాడు.

"ఆ అద్దంలో చూడు."

క్యాబిన్ ముందు గాజుకు అరచేయంత అద్దం బిగించి ఉంది. అందులో, తెరిచిన తలుపు అవతల గైడు వీపు, వీపు వెనక ఎడమ చెయ్యి కనిపిస్తున్నాయి. కోట గోడ రాగానే ఆ చెయ్యి ఒక వేలు చూపించింది. డ్రైవరు వేగం తగ్గించాడు. పిడికిలి బిగించింది. వేగం పెంచాడు.

"ఒక వేలు అంటే మెల్లగా. రెండు వేళ్ళు అంటే ఆపు. పిడికిలి అంటే పోనీ. ఇంజను మోతలో నాకు మాట వినపడదు. ఫొటోల కోసం జనం లేచి ఒక పక్కకి వస్తే నాకు వెనక కళ్ళు లేవు. అది చూస్తుంది, చేత్తో చెప్తుంది. మూడేళ్ళుగా ఇంతే."

ఇన్‌స్పెక్టరు పావుగంట అద్దంలో చూశాడు. తర్వాత బయటికొచ్చి గైడు ముందు నిలబడ్డాడు.

"మైకు ఇలా ఇస్తారా?"

ఆమె ఇచ్చింది. అతను తోలుపట్టీకి మైకు బిగించి, పట్టీ మెడలో వేసుకోమన్నాడు. మైకు ఆమె గడ్డం కిందికి వచ్చి ఆగింది.

"ఇప్పుడు ఎడమ చెయ్యి మీ మావయ్యది. కుడి చెయ్యి ఖాళీ."

ఆమె కుడి చేత్తో కడ్డీ పట్టుకుంది. మైకు ఆన్‌లో ఉంది. "థాంక్స్" అంది. పడవంతా వినబడింది.

అమ్మమ్మ చప్పట్లు కొట్టింది.

పదకొండు గంటలకు మేనేజరు టేబుల్ మీద ఇన్‌స్పెక్టరు రెండో కార్డు రాశాడు: 'మూడో అభ్యంతరం గురించి. తనిఖీ ఒక వైపు నుంచే జరిగింది. అది ఇన్‌స్పెక్టరు పొరపాటు. గైడు ఎడమ చెయ్యి విధుల్లో ఉంది. కుడి చెయ్యి ఇప్పుడు కడ్డీ మీద ఉంది. అభ్యంతరం లేదు.' తేదీ వేశాడు, సంతకం చేశాడు, ముద్ర కొట్టాడు. మేనేజరు ఈసారి కార్డు కింది వరుస దాకా చదివాడు.

ఆదివారం ఆఖరి ట్రిప్పు 3.30కి బయలుదేరింది. నలభై సీట్లూ నిండాయి. అమ్మమ్మా మనవడూ సామాను కూడా పడవలోనే పెట్టుకున్నారు, దిగి నేరుగా స్టేషనుకు వెళ్ళాలని. అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఇన్‌స్పెక్టరు క్యాబిన్లో, అద్దం ముందు నిలబడి, సైగలు చూసి డ్రైవరుకి చెప్తున్నాడు.

కోట దగ్గర ఒక వేలు. సుంకాల భవనం దగ్గర రెండు వేళ్ళు. పడవ ఆగింది. తర్వాత పిడికిలి.

తిరుగు దారిలో పాత వంతెన కింద గైడు వరద గీతల గురించి చెప్తోంది. "మొత్తం పన్నెండు. పదకొండని అనేవాళ్ళు ఉన్నారు, నమ్మకండి." జనం నవ్వారు. అద్దంలో ఆమె చెయ్యి రెండు వేళ్ళు చూపించింది.

డ్రైవరు ఆపలేదు.

"ఆపమంటోందండీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇక్కడ ఎప్పుడూ ఆపం. నీళ్ళు లాగే చోటు. ఆ సంగతి నాకన్నా దానికి బాగా తెలుసు."

"మరి రెండు వేళ్ళు?"

"అద్దానికి అడ్డంగా ఎవరున్నారు బాబూ? నాకేమన్నా కనబడుతోందా?" అన్నాడు డ్రైవరు. "అది పడవకి చెప్పట్లేదు."

వంతెన దాటేదాకా ఆ రెండు వేళ్ళూ అలాగే ఉన్నాయి.

4.20కి పడవ మెట్లకు చేరింది. జనం దిగారు. గైడు అందరికీ కార్డులిచ్చి, ఆఖరున అతని దగ్గరకు వచ్చింది.

"మీ అభిప్రాయం రాయండి ఇన్‌స్పెక్టరు గారూ."

"వంతెన కింద రెండు వేళ్ళు చూపించారు."

"చూశారా?"

"చూశాను."

"చూస్తే రాస్తానన్నారు కదా, రాయండి."

అతను కార్డు మీద ఒక్క మాట రాశాడు: 'ఆగాను.' తేదీ, టైము వేశాడు. సంతకం చేశాడు. చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. ముద్ర కొట్టాడు.

ఆమె కార్డు చదివి, మడిచి, పెట్టెలో వెయ్యకుండా తన దగ్గరే పెట్టుకుంది.

"అమ్మమ్మా, బండి..." అన్నాడతను వెనక్కి తిరిగి.

"నాతో ఎందుకురా? ముప్పై నాలుగేళ్ళు ఇద్దర్ని కలపడం, మధ్యలోంచి తప్పుకోవడం, ఇదే నా ఉద్యోగం" అంది అమ్మమ్మ. తర్వాత డ్రైవరు వైపు తిరిగింది. "ఏం నాయనా, ఈ పిల్ల తల్లి మీ అక్కే కదూ? నంబరు చెప్పు. నేను మాట్లాడతాను."

డ్రైవరు నంబరు చెప్పాడు. అమ్మమ్మ మెట్ల మీద కూర్చుని ఫోను చేసింది. మొదట ఆ పడవకి, ఆ ఊరికి, వాళ్ళ అమ్మాయికి కృతజ్ఞతలు చెప్పింది. "ఇన్నేళ్ళూ గొంతులే విన్నానమ్మా, మీ అమ్మాయి వీధులు కూడా చూపించింది" అంది. తర్వాత అసలు సంగతి, మనవడి సంగతి చెప్పింది. అవతలి గొంతు ఏదో అడిగింది. "ఈత రాదు, మిగతావన్నీ వచ్చు" అంది అమ్మమ్మ. అవతలి వైపు నవ్వు మెట్ల దాకా వినిపించింది. "రేపు ఉదయం ఇంటికి రమ్మంటోంది" అని చెప్పి, ఫోను గైడుకి ఇచ్చి లేచింది.

4.50కి మేనేజరు వచ్చి గైడుకి పర్మనెంట్ ఉత్తర్వు ఇచ్చాడు. ఆమె కింది వరుస దాకా చదివి సంతకం చేసింది. 5.05కి ఇన్‌స్పెక్టరు తన ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు నాలుగు రోజులు పెంచమని అడిగాడు. పెంచారు.

బండి 5.40కి బయలుదేరింది. ఆరో బోగీలో 23, 24 నంబరు సీట్లు ఖాళీగా వెళ్ళాయి.