ప్రశాంత్ పెట్టిన మెచ్చుకోలు మెయిల్

"నోరు మూసుకోండి" అంది రసజ్ఞ.

ప్రశాంత్‌తో ఆమె మాట్లాడిన మొట్టమొదటి మాట అదే. కోపంతో అనలేదు, వైద్యం కోసం అంది. మణికొండలో ఆఫీసు వాళ్లతో బాక్స్ క్రికెట్ ఆడుతూ క్యాచ్ కోసం డైవ్ కొట్టాడు మహానుభావుడు. బంతి వెళ్లి నెట్‌కి తగిలింది, ఇతను వెళ్లి నేలకి తగిలాడు. గడ్డం పగిలింది. రక్తం కారుతుంటే క్యాజువాలిటీ బల్ల మీద పడుకుని, ఆ క్యాచ్ ఎందుకు జారిందో ఎవరూ అడక్కుండానే వివరిస్తున్నాడు. కదిలే గడ్డానికి కుట్లు ఎవరు వేయగలరు?

"మీరు డాక్టరా, స్టూడెంటా?"

"హౌస్ సర్జన్ని."

"అంటే ట్రెయినీ. మా సాఫ్ట్‌వేర్‌లో ట్రెయినీలకు లైవ్ సిస్టమ్ ముట్టుకునే యాక్సెస్ ఇయ్యరు."

"మా దాంట్లో పేషెంట్లకి మాట్లాడే యాక్సెస్ ఇవ్వరు. పడుకోండి."

వెనక నిలబడి అన్నీ చూస్తున్న సీనియర్ డాక్టర్ ఉమాశ్రీ మత్తు మందు సిరంజి అందించింది. ప్రశాంత్ దాన్ని చూశాడు. "వద్దు, వద్దు, అమ్మా" అన్నాడు. ఆ వెంటనే కళ్లు తేలేశాడు. లేచేసరికి గడ్డానికి మూడు కుట్లు, పక్కన నవ్వు ఆపుకుంటున్న రసజ్ఞ.

"సీమలో పుట్టి సూదికి పడిపోయారేంటండీ?"

"మాది ప్రొద్దుటూరు డాక్టర్ గారూ. మా ఊర్లో అందరూ బంగారం తూకం చూసేవాళ్లే. రక్తం చూసే అలవాటు లేదు."

కుట్లు విప్పించుకోవడానికి వచ్చాడు. మచ్చ పడుతుందేమో అని వచ్చాడు. మచ్చ పడలేదని చెప్పడానికి వచ్చాడు. మానిన గాయాన్ని చూపించుకోవడానికి అన్నిసార్లు వచ్చిన పేషెంటు ఆ ఆస్పత్రిలో మరొకడు లేడు. క్యాంటీన్‌లో టీలు, డ్యూటీ అయ్యాక వానలో ఒకే గొడుగు కింద హాస్టల్ దాకా నడకలు, మీరు కాస్తా నువ్వు అవడం, ఆమె తణుకు వైపు పూతరేకులు గొప్పవా అతని ప్రొద్దుటూరు దోసెలు గొప్పవా అని తెగని తగాదా. అంతా అయింది. అసలు మాట మాత్రం ఇద్దరూ అనలేదు.

ఈలోగా ఇంటర్న్‌షిప్ అయిపోయింది. శుక్రవారం నాన్న కారేసుకుని తణుకు నుంచి వస్తున్నారని, శనివారం పొద్దున సామానుతో సహా వెళ్లిపోతున్నానని రసజ్ఞ చెప్పింది. చెప్పి, ఏదైనా అంటాడేమోనని కాసేపు చూసింది.

"హైవే మీద జాగ్రత్త" అన్నాడు ప్రశాంత్.

ఇంటికొచ్చి తలగడకేసి తల బాదుకున్నాడు. ఆ తర్వాత ఆలోచించాడు. ప్రమాదమంతా అక్కడే మొదలైంది.

వాళ్ల ఆఫీసులో మనిషికి దక్కే పరమ గౌరవం మెచ్చుకోలు మెయిల్. క్లయింట్ ఎవరైనా 'ఈ పిల్లవాడు బంగారం' అని మేనేజరుకి రాస్తే చాలు, కేకు కోస్తారు, జీతం పెంచుతారు, గోడకి ఫొటో తగిలిస్తారు. వెళ్లిపోయే రసజ్ఞకి ఇంతకన్నా మంచి కానుక ఏముంటుంది? ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి మెయిల్ రాశాడు. వెబ్‌సైట్లో దొరికిన అడ్రసులన్నిటికీ, రసజ్ఞకీ కాపీ పెట్టాడు. 'డాక్టర్ రసజ్ఞ పక్కన ఏ సీనియరూ లేకుండా, ఒక్కతే నాకు కుట్లు వేసింది. మత్తు కూడా వద్దన్నాను, నవ్వుతూ కుట్టించుకున్నాను' అని రాశాడు. ఆమెని పొగిడేటప్పుడు తనకీ నాలుగు చిల్లర పొగడ్తలు వేసుకుంటే తప్పేమిటనుకున్నాడు.

శనివారం పొద్దున, సెలవైనా పని పడి నానక్‌రామ్‌గూడ ఆఫీసులో ఉండగా రసజ్ఞ ఫోన్ వచ్చింది.

"ఏం రాశావు నువ్వు?"

"చదివినావా? బాగుందా?"

"సూపరింటెండెంట్ గారికి చాలా బాగుందట. ఇంటర్న్ ఒక్కతే, మత్తివ్వకుండా పేషెంటుని కుట్టేసిందని నా ఇంటర్న్‌షిప్ కంప్లీషన్ సర్టిఫికెట్ మీద సంతకం ఆపేశారు. క్యాజువాలిటీ ఇంకో రెండు నెలలు చేయాలట. అప్పటికి పీజీ పరీక్ష గడువు దాటిపోతుంది. ఏడాది పోయినట్టే."

"ఉమాశ్రీ గారు ఉన్నారు గదా? ఆమె చెప్పలేదా?"

"చెప్పారు. సీనియర్ లేరని పేషెంటే రాశాడు, మీరు జూనియర్ని కాపాడుతున్నారు అన్నారు సూపరింటెండెంట్ గారు. కేస్ షీట్‌లో మేడమ్ సంతకం తర్వాతైనా పెట్టుకోవచ్చట." ఆమెకి ఏడుపొచ్చేసింది. "నాన్న కారులో సామానంతా సర్దేశారు ప్రశాంత్. నాకు మంచి చేద్దామనుకున్నావు చూడు, దానికో దణ్ణం."

ఫోన్ పెట్టేసింది.

రెండు నెలలు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ మాట ప్రశాంత్ చెవికి తియ్యగా తగిలింది. ఏమీ చేయకుండా ఇక్కడే కూర్చుంటే చాలు, ఆమె ఎక్కడికీ వెళ్లదు. ఇంకో రెండు నెలలు టీలు, గొడుగులు. అక్కడికి వెళ్లి నిజం చెబితేనో, మూర్ఛ సంగతి ఊరందరికీ తెలుస్తుంది, ఆమె సాయంత్రానికల్లా తణుకు దారి పడుతుంది. లెక్క చూస్తే కూర్చోవడమే లాభం. కానీ ఆ ఏడుపు అతన్ని కూర్చోనివ్వలేదు. తనకి కలిగిన సంతోషం మీద తనకే అసహ్యం వేసింది. ల్యాప్‌టాప్ కూడా మూయకుండా లేచి పరిగెత్తాడు.

బయట వాన. వాన పడితే ఐటీ కారిడార్‌లో కార్లు కదలవు, హారన్లు మాత్రమే కదులుతాయి. షేర్ ఆటో సగం దారిలో చేతులెత్తేసింది. మిగతా సగం తడుస్తూ నడిచాడు.

సూపరింటెండెంట్ డాక్టర్ నరసింహమూర్తి గదిలో రసజ్ఞ, ఉమాశ్రీ నిలబడి ఉన్నారు. కుర్చీలో రసజ్ఞ నాన్న భీమేశ్వరరావు గారు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ప్రశాంత్ నీళ్లోడుతూ లోపలికి వచ్చాడు.

"సార్, ఆ మెయిల్ రాసింది నేనే."

"ఏందయ్యా, ఇంకేమన్న రాసుడు మిగిలిందా?"

"అది అబద్ధం సార్. సీనియర్ లేరని రాసినా. నిజానికి ఉమాశ్రీ మేడమే సిరంజి అందించింది. ఆ తర్వాత ఎవరు ఏం చేసినారో నాకు తెలీదు."

"గట్లెట్ల తెల్వదు? కండ్లు లేవా?"

"మూసుకుపోయినాయి సార్. సూది చూసి మూర్ఛపోయినా."

ఉమాశ్రీ కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి.

"మరి మత్తు వద్దన్న అని రాసినవ్?"

"వద్దనే అరిచినా సార్. భయంతో. ఎమ్మట్నే పడిపోయినా. లేచేతలికి కుట్లు అయిపోయినాయి."

"నవ్వుకుంట కుట్టించుకున్న అనేది?"

"'అమ్మా' అన్నా సార్."

నరసింహమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గిన్ని అబద్ధాలు ఎందుకయ్యా?"

"మా ఆఫీసులో అట్ల రాస్తే మంచి జరుగుతాది సార్. ఆమెకు మంచి జరగాలని రాసినా." అతను అక్కడితో ఆగలేదు. ఆగితే ఇక చెప్పలేనని తెలుసు. "ఆమె అంటే నాకు ప్రాణం సార్. ఊరికి పోతాంది. ఆమెతో చెప్పే ధైర్యం లేక మీకు రాసినా."

"ఆ పిల్లకు చెప్పేది నాకు రాసినవా?"

"ఆమెకు కాపీ పెట్టినా సార్."

రసజ్ఞ ముఖం ఎర్రబడింది. భీమేశ్వరరావు గారు బ్యాగు జిప్పు తెరిచి, మళ్లీ మూశారు.

"ఇదంతా కాయితం మీద రాసి సంతకం పెట్టు" అన్నాడు నరసింహమూర్తి. "మూర్ఛపోయిన ముచ్చట గూడ రాయి. పోయేటప్పుడు జర తల తుడుచుకో, సర్ది చేస్తది. మళ్ల సూది పొడవాల్సొస్తది."

ఆయన రౌండ్స్ ముగించుకుని వచ్చి సంతకం పెట్టేసరికి సాయంత్రమైంది. పోర్టికోలో ప్రశాంత్ ఒక మూల నిలబడి ఉన్నాడు. వెళ్లిపోవడానికి కాళ్లు రాలేదు, దగ్గరికి వెళ్లడానికి ముఖం చెల్లలేదు. భీమేశ్వరరావు గారే దగ్గరికి వచ్చారు.

"ప్రశాంత్ గారంటే మీరేనాండీ?"

"అవునండి."

"పొద్దున్నే బయల్దేరదామనుకున్నామండి. మీ మెయిల్ పుణ్యమా అని ఇంత పొద్దుపోయింది. చీకటి పడితే ఎదురొచ్చే బళ్ల లైట్లు నా కళ్లకి పడవండి, శుక్లాలు. మరిప్పుడు ఏం చేద్దామంటారు?"

"డ్రైవర్ని ఎవరినన్నా పిలిపిస్తానండి" అంటూ ప్రశాంత్ ఫోన్ తీశాడు.

"కారు తోలడం వచ్చా? లేక దానికీ మూర్ఛపోతారా?"

"వచ్చండి."

ఆయన తాళాలు అతని చేతిలో పెట్టి, వెనక సీట్లో పరుపుచుట్టకీ పుస్తకాల అట్టపెట్టెకీ మధ్య ఇరుక్కుని కళ్లు మూసుకున్నారు.

ఔటర్ రింగ్ రోడ్డు దాటి విజయవాడ హైవే ఎక్కేదాకా ముందు సీట్లో ఉన్న రసజ్ఞ ఫోన్‌లో అతని మెయిలే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుంది. వాన సన్నబడింది. వైపర్లు మాత్రం మాట్లాడుకుంటున్నాయి.

"ఇంకా కోపమా?" అన్నాడు ప్రశాంత్ మెల్లగా.

"నువ్వు రాకపోతే నేను రెండు నెలలు ఇక్కడే ఉండేదాన్ని. ఆ సంగతి నీకు తట్టలేదా?"

"తట్టింది."

"మరి?"

"కాసేపు సంతోషం కూడా అయింది. దాచేదేముంది. కానీ నువ్వు ఏడుస్తాంటివి. నీ ఏడుపు పెట్టుబడిగా పెట్టి నేను సుఖపడలేను రసజ్ఞా."

ఆమె ఫోన్ తీసి బ్యాగులో పెట్టేసింది.

"నువ్వంటే నాకు ముందునుంచీ ఇష్టమే" అంది. "కాకపోతే ఎప్పుడూ ఏదో గొప్పలు చెప్తుంటావు కదా, ఏది నిజమో తెలిసేది కాదు. ఇవాళ అంతమంది ముందు, మా నాన్న ముందు, నీ పరువు నువ్వే తీసుకున్నావు నా కోసం. ఇంక నాకు అనుమానం లేదు. నువ్వంటే చాలా ఇష్టం ప్రశాంత్."

అతను ఆమె వైపు తిరిగాడు. తిరిగినవాడు అలాగే ఉండిపోయాడు. కారు మెల్లగా పక్క లైన్లోకి జరిగింది.

"రోడ్డు చూసి తోలవయ్యా" అని వెనక నుంచి భీమేశ్వరరావు గారు కళ్లు తెరవకుండానే అన్నారు. "అమ్మాయి ఎక్కడికీ పోదు."