తడి లేని బూట్లు

రిక్ బోజ్‌ని చంపినవాళ్లు అతని కారు ఇంజిన్ ఆపలేదు. హీటర్ నడుస్తూనే ఉంది. అందుకే ఎడ్మంటన్ శివార్లలోని ఆ పార్కింగ్ స్థలంలో, మైనస్ ముప్పై అయిదు డిగ్రీల చలిలో కూడా, శవం వెచ్చగానే దొరికింది.

"వాడికి జరిగిన మంచి అదొక్కటే," అన్నాడు హాలోరన్.

హాలోరన్ కెనడా రాజధాని ఒట్టావా నుంచి పొద్దుటి విమానంలో వచ్చాడు. సీక్రెట్ సర్వీసులో పెద్ద అధికారి. డోనట్ షాపులో ఒక మూల బల్ల దగ్గర కూర్చుని, పక్క బల్లలవాళ్లకు వినపడనంత నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. ఎదురుగా ఏజెంట్ నెస్టర్ హ్రిచుక్. ఈ ఆల్బర్టా రాష్ట్రంలోనే పుట్టినవాడు, ఈ ఉద్యోగంలోనే జుట్టు నెరిసినవాడు. రిక్ అతని ఇన్‌ఫార్మర్.

రిక్ ఫోనులో పంపకుండా మిగిలిపోయిన మెసేజ్ ఒకటుంది: "మెర్వ్. ఆదివారం విందు. లోపల కాదు. బయట అడుగు పెట్టాక."

"హార్బర్ ముఠా పని," అన్నాడు హాలోరన్. ఒక పరాయి దేశపు గూఢచారులకు సర్వీసు పెట్టుకున్న పేరది.

"వాళ్లకి ఆల్బర్టా కెనడా నుంచి విడిపోవాలా?"

"అక్కర్లేదు."

"కలిసుండాలా?"

"అదీ అక్కర్లేదు. తేలకూడదు, అంతే. ఇక్కడ గొడవ తెగనంత కాలం పైప్‌లైన్ మీద ఎవడూ డాలరు పెట్టడు. మన చమురు నేలలోనే ఉంటుంది, వాళ్ల చమురు అమ్ముడుపోతుంది. విడిపోదామనేవాళ్ల నాయకుడు మెర్వ్ టకాచ్ కెమెరాల ముందు చస్తే, చంపించింది ఒట్టావా అని సగం రాష్ట్రం నమ్ముతుంది. మిగతా సగం, నమ్మలేదని పైకి చెప్పడానికి భయపడుతుంది."

"మెర్వ్‌కి ఒక్క మాట చెబుదాం సార్. విందు మానేస్తాడు."

"మానడు. మర్నాడే స్టేజి ఎక్కి మన బండారం బయటపెడతాడు. చెప్పొద్దు. ఇది ఆర్డర్. ముందు ముఠా మనిషిని పట్టుకో. వీలైతే మెర్వ్‌ని కాపాడు."

"వీలైతేనా?"

హాలోరన్ వేళ్లకంటిన పంచదార దులుపుకున్నాడు. "ఆయన మీ అక్క మొగుడని నాకు తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నాను."

అది దయో, ఎత్తో నెస్టర్‌కి అర్థం కాలేదు. లేస్తూ లేస్తూ హాలోరన్ తన చేతి తొడుగులు అతని ముందుకు తోశాడు. "నీవి చిరిగాయి," అన్నాడు. ఆ మనిషిలో అలాంటివీ ఉన్నాయి.

క్రాస్నా ఊరి హాల్లో ఆ ఆదివారం మలాంకా విందు. మలాంకా అంటే ఇక్కడి ఉక్రెయిన్ కుటుంబాల కొత్త సంవత్సరం పండగ, వేషాలుంటాయి: దయ్యం, ఎలుగుబంటి, చచ్చిపడి మళ్లీ లేచే మేక. మేక వేషం నెస్టర్‌ది. మెడలో ఇత్తడి గంట. గంటలో జామర్. మీట నొక్కితే చుట్టుపక్కల ఏ రిమోటూ పనిచేయదు. చలికి మాత్రం దాని బ్యాటరీ నిలవదని ఇచ్చినవాళ్లు ముందే హెచ్చరించారు.

హాలు నేలకి కొత్తగా వార్నిష్ వేశారు. బూట్లతో లోపలికొస్తే మెర్వ్‌కైనా భోజనం పెట్టేది లేదని కమిటీ ఆడవాళ్లు తలుపు మీద రాసి అంటించారు. గుమ్మం లోపలి చాపల మీద ఊరి బూట్లన్నీ గుట్టపడి, మంచు కరిగి నీళ్లు కారుస్తున్నాయి. జనమంతా మేజోళ్లతో తిరుగుతున్నారు.

సెలెస్ట్ మారో పళ్లెం పట్టుకుని మేక పక్కకి వచ్చింది. మెర్వ్‌కి పత్రికల వ్యవహారం చూసే మనిషి. టీవీ కెమెరాలు మెర్వ్ కంటే ఆమెనే ఎక్కువసేపు చూపిస్తాయి. రెండేళ్లుగా మెర్వ్ ఆఫీసు కబుర్లు సర్వీసుకు చేరవేస్తున్నదీ ఆమే.

"ఈ ఏడు కనోలా పంట ఎలా ఉంది?" అంది, గుర్తు మాటగా.

"మంచు కింద నిద్రపోతోంది," అంది మేక.

"ఎదురుగా ధాన్యం గోదాం. పైన రైఫిల్‌తో ఒకడు," పెదాలు కదపకుండా చెప్పింది. "విందయ్యాక మెర్వ్ కెమెరాల ముందుకెళతాడు. అప్పుడే."

రిక్ మెసేజ్‌కి సరిపోయింది. నెస్టర్ మేక గడ్డంలోని మైకులోకి గుసగుసలాడాడు. బయట మఫ్టీలో ఉన్న పోలీసులంతా గోదాము వైపు కదిలారు.

అంతలో ఎవరో మేక కొమ్ము మీద గరిటెతో టకటకా కొట్టారు.

"ఒరేయ్ నెస్టర్."

మేక ఉలకలేదు.

"ఎడం కాలు ఈడ్చుకుంటూ నడిచే మేక ఈ జిల్లాలో ఒక్కటే ఉంది. తల తియ్యి."

"తియ్యకూడదక్కా. ఆట ఇంకా అవలేదు."

ఒరీస్యా గరిటె నడుముకి ఆనించింది. "మనిషిలా రావడానికి మొహం చెల్లక మేకలా వచ్చావట్రా?"

"బావ గడప తొక్కొద్దన్నాడుగా."

"ఆయన సవాలక్ష అంటాడు. నేను రమ్మన్నానుగా! నోరు తెరు." మేక నోట్లోంచి బంగాళాదుంప కూరిన పెరోగీ ఒకటి లోపలికి తోసింది. వెన్నలో వేగిన ఉల్లిపాయ రుచి. వాళ్లమ్మ చేతి రుచే. మేక తల లోపలి చీకట్లో నెస్టర్ కళ్లు చెమర్చాయి, ఎవరికీ కనిపించనందుకు సంతోషించాడు.

"ఎవరే ఆ మేక?" అంటూ మెర్వ్ వచ్చాడు. భారీ మనిషి, ఒకప్పుడు చమురు రిగ్గుల మీద పనిచేసినవాడు.

"నీ బామ్మర్ది."

"ఓహో! ఒట్టావావాళ్లు నీకు గడ్డి కూడా వేస్తున్నారన్నమాట!" చుట్టూ నవ్వులు.

"బావా, విడిపోయాక చమురు ఎటు పంపుతావు? మనకి సముద్రం లేదుగా."

"ఇప్పుడు మాత్రం ఉందేంట్రా? సముద్రం ఉన్నవాళ్లు పైపు వేయనిస్తున్నారా? రిగ్గులు మూసేస్తే మన కుర్రాళ్లు ఇళ్లల్లో గోడలు చూస్తూ కూర్చున్నారు. తీసేది మనం. పంచుకునేది వాళ్లు. మురికి మనుషులని మళ్లీ తిట్లు మనకే. ఎన్నాళ్లు?"

అందులో సగానికి పైగా నిజమే.

"విడిపోండి మెర్వ్, హాయిగా విడిపోండి," అంది బల్ల దగ్గర తింటున్న రోజ్ కార్డినల్. రిటైరైన నర్సు, ఇక్కడి ఆదివాసీల్లో క్రీ జాతి మనిషి. "పోయేటప్పుడు మా భూమి మాత్రం ఇక్కడే వదిలేసి పొండి."

"నిన్నొదిలి ఎక్కడికి పోతాం రోజక్కా?"

"నా భయం కూడా అదే."

మెర్వ్ పగలబడి నవ్వుతూ వంటింట్లోకి వెళ్లాడు. ఇంకో గంటలో ఈ నవ్వు ఆగిపోతే అక్క ఏమవుతుంది?

ఒకసారి బయట చూసి రావాలని గుమ్మం దగ్గరికి నడిచాడు. బూట్ల గుట్ట ముందు ఆగిపోయాడు.

మెర్వ్ బూట్లు అక్కడ లేవు. వచ్చినప్పుడు వాటిని చూశాడు. అందరివీ ఒకేలాంటి నల్ల బూట్లు కావడంతో ఒరీస్యా మొగుడి బూట్ల మడమకి నారింజ రంగు టేపు చుట్టింది. అవి ఉన్నచోటు ఇప్పుడు ఖాళీ. కుడివైపు బూట్ల కింద మడుగు. ఎడమవైపు మడుగు. మెర్వ్ బూట్లున్న జానెడు చాప మాత్రం పొడిగా ఉంది.

ఊరంతా మంచు తొక్కుకుంటూ వచ్చింది. ఆ జత ఒక్కటే మంచు తొక్కలేదు. ఎవరో సంచిలో తెచ్చి, టేపు చుట్టి, మెర్వ్ విప్పీ విప్పగానే, మంచు కరిగేలోపే, అసలు జత తీసేసి అక్కడ పెట్టారు. గోదాము మీద ఎవడూ లేడు, చావు ఆ బూట్లలోనే ఉంది. బయట అడుగు పెట్టాక, అన్నాడు రిక్.

మరి మెర్వ్ వంటింట్లోనే ఉన్నాడే? నవ్వు ఇంకా వినిపిస్తోందే?

"రోజ్! బావ బూట్లు ఎవరు తీశారు?"

"ఒరీస్యా. ట్రక్కులో ఇంకో గిన్నెడు క్యాబేజీ హొలుబ్సీ ఉన్నాయట, తేవడానికెళ్లింది. మొగుడి బూట్లు, మొగుడి కోటు. ఏం?"

ఇక్కడ అందరూ చేసేదే. పెరటి దాకా వెళ్లి రావడానికి ఎవరూ తమ బూట్లు వెతుక్కోరు, దగ్గరున్నవి తగిలించుకుని పోతారు. రెండేళ్లు ఈ జనం మధ్య తిరిగినా, ఒక్కసారి కూడా గిన్నె మోయనివాళ్లకే అది తెలియదు.

సెలెస్ట్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో కారు రిమోట్. ఇంట్లోంచే కారు వేడి చేసుకునే రిమోట్లు ఆ హాల్లో అందరి దగ్గరా ఉన్నాయి, కాబట్టి ఎవరూ అటు చూడలేదు. ఆమె మాత్రం పార్కింగ్‌లో, టీవీ వ్యానుల ముందు నడుస్తున్న పెద్ద కోటునీ, పెద్ద బూట్లనీ చూస్తోంది. బొటనవేలు కదిలింది.

నెస్టర్ గంట మీట నొక్కాడు.

ఆమె నొక్కింది. ఏమీ కాలేదు. రిమోట్‌ని అరచేతిలో తట్టి, మళ్లీ నొక్కింది.

ఆమెని పట్టుకోవచ్చు. నాలుగడుగుల దూరం. నెస్టర్ తలుపు తోసుకుని బయటికి పరుగెత్తాడు, మేజోళ్లతోనే.

"అక్కా! ఆగు!"

"ఆగితే గడ్డకట్టి చస్తాను! నీ మేకాట తర్వాత! తలుపు తెరిచి పట్టుకో!"

గంట మీది చిన్న దీపం మినుకుమంటోంది. చలి బ్యాటరీని తినేస్తోంది. నెస్టర్ వెళ్లినవాడు వెళ్లినట్టే అక్క నడుం పట్టుకుని పైకెత్తాడు, ఆమె చేతిలోని గిన్నె కింద పడింది. మెర్వ్ బూట్లు ఆమె పాదాలకి రెండింతలు, తాళ్లు కూడా కట్టుకోలేదు. బూట్లు మంచులో నిలబడ్డచోటే ఉండిపోయాయి, ఆమె వాటిలోంచి సులువుగా ఊడి వచ్చింది. ఇద్దరూ ట్రక్కు వెనక మంచుదిబ్బలో పడ్డారు.

దీపం ఆరిపోయింది.

పేలుడుకి హాలు కిటికీ అద్దాలు గలగలా రాలాయి. తర్వాత కాసేపు ఆకాశంలోంచి మంచు, దానితోపాటు క్యాబేజీ ఆకులు కురిశాయి.

"నా హొలుబ్సీ," అంది ఒరీస్యా, చాలా చిన్న గొంతుతో.

సెలెస్ట్ పక్క తలుపులోంచి తన కారు వరకూ వెళ్లగలిగింది. అంతవరకే. అంత చలిలో ఇంజిన్ హీటర్‌కి ప్లగ్గు పెట్టకుండా నిలిపిన కారు మూలిగింది గానీ కదల్లేదు. ఒక ముసలాయన బ్యాటరీ కేబుళ్లతో వచ్చి, ఆమె ఎవరో ఏం చేసిందో తెలియక, "భయపడకమ్మా, ఇప్పుడే స్టార్ట్ చేస్తా" అంటున్నాడు.

నెస్టర్ ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో సంచి, సంచిలో మెర్వ్ అసలు బూట్లు, ఇంకా తడిగానే.

"మాకు పనిచేశావా, వాళ్లకా?"

"ఇద్దరికీ. ఇద్దరూ ఒకటే చెప్పారు, మెర్వ్ మీద కన్నేసి ఉంచమని." ఆమె రిమోట్‌ని మర్యాదగా అతని చేతిలో పెట్టింది. "నువ్వు గెలిచాననుకుంటున్నావు కదూ? లోపల మీ బావ ఏమంటున్నాడో విను."

పగిలిన కిటికీల్లోంచి మైకు గొంతు వస్తోంది. "నా భార్యని చంపబోయారు! ఎవరో నాకు తెలుసు! మీకూ తెలుసు!" హాలు హోరెత్తింది.

"మెర్వ్ చచ్చిపోయినా ఇన్ని చప్పట్లు వచ్చేవి కావు," అంది సెలెస్ట్.

హాలోరన్ ఫోన్ చేశాడు. "శభాష్. విను, మనవాళ్లెవరూ అక్కడ లేరు. గ్యాస్ సిలిండర్ పేలింది."

"సిలిండర్ బూట్లేసుకుని పార్కింగ్‌లో నడుస్తోందా సార్?"

"నెస్టర్."

"సెలెస్ట్‌ని కోర్టులో నిలబెట్టరా?"

"నిలబెడితే రెండేళ్లుగా మన జీతం తిన్న సంగతి బయటికొస్తుంది. చంపించబోయింది మనమే అంటారు. ఆమెని దేశం దాటించే విమానం రెడీగా ఉంది."

నెస్టర్ మేక తల చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాడు. ఒరీస్యా కుర్చీలో కూర్చుని ఉంది. రోజ్ నేల మీద గొంతుక్కూర్చుని, ఆమె పాదాలు తన శాలువాలో చుట్టి, అరచేతులతో మెల్లగా ఒత్తుతోంది.

"నీకు ముందే తెలుసు కదరా," అంది ఒరీస్యా.

అతను మేక తల కింద పెట్టాడు.

"ఒక్క ఫోను చేయలేకపోయావా?"

"చెప్పొద్దన్నారక్కా."

"ఎవరు? ఒట్టావావాళ్లా?" స్టేజి వైపు చెయ్యి చూపింది. "అదిగో, ఆయన అరుస్తున్నాడు. అబద్ధమని చెప్పు. ఒట్టావాకి ఏమీ తెలియదని చెప్పు నాకు. నువ్వు చెబితే నమ్ముతాను."

నెస్టర్ వంగి, మేక తల మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

ఒరీస్యా లేచి, మేజోళ్లతోనే వంటింట్లోకి వెళ్లి, అడుగున మిగిలిన పెరోగీలు ఒక ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో సర్ది తెచ్చి అతని చేతిలో పెట్టింది. "దారిలో తిను. డబ్బా తిరిగివ్వడానికని మాత్రం రాకు."

తన ట్రక్కులో రేడియో పెడితే, విడిపోవాలనేవాళ్ల సంఖ్య ఆ సాయంత్రానికే పెరిగిందని చెబుతున్నారు. ఆపరేషన్ పూర్తిగా విజయవంతమైందని హాలోరన్ మెసేజ్ పంపాడు. నెస్టర్ డబ్బా మూత తీశాడు. అడుగువి కదా, కొంచెం మాడాయి. ఆ రాత్రి ఆల్బర్టా మొత్తమ్మీద లోపల ఏదీ దాచిపెట్టకుండా అతనికిచ్చినవి అవే కాబట్టి, వంక పెట్టకుండా అన్నీ తిన్నాడు.